మాండలిన్ లేని చోట మాండలిన్

ఆల్బమ్‌లో మొదటి పాట పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. ఆ శ్రీని ఎవరో కాదు, మన మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, 2014 సెప్టెంబరులో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 2023 జూన్‌లో, ‘శక్తి’ బృందం మళ్లీ కలిసి తెచ్చిన ‘దిస్ మొమెంట్’ ఆయన్ను తలుచుకుంటూ మొదలవుతుంది. 1977 తర్వాత ఈ బృందం స్టూడియోలో చేసిన ఆల్బమ్ ఇదే. మధ్యలో 46 ఏళ్లు గడిచాయి.

శక్తికి మూలపురుషుడు ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్. 1960ల చివర్లో అక్కడి రాక్ సంగీతంలో ఒక పాయ విడిపోయింది. మూడు నిమిషాల పాట చాలదనీ, నాలుగు దెబ్బల తాళం చాలదనీ అనుకున్నవాళ్ల పాయ అది. దానికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. ఆ గాలి, జాజ్ గాలి కలిసిన చోట మెక్‌లాఫ్లిన్ 1971లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ పెట్టాడు. చెవులు దిమ్మెక్కే కరెంటు గిటారు అది. నాలుగేళ్లు తిరక్కుండా అంత హోరునూ పక్కన పెట్టి, కరెంటు లేని గిటారుతో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన జాకీర్ హుస్సేన్ తబలా, ఎల్. శంకర్ వయొలిన్, విక్కు వినాయకరామ్ ఘటం. ఆ బృందమే శక్తి. మూడు ఆల్బమ్‌లు చేసి 1978లో విడిపోయారు. 1997లో ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ కలిశాక, వయొలిన్ ఉండాల్సిన చోటికి శ్రీనివాస్ మాండలిన్ వచ్చి చేరింది.

ఈ సంగీతాన్ని నేను విజయనగరం చెవితో వింటాను. మరో చెవి నాకు లేదు. చిన్నప్పుడు మా మాస్టారు వయొలిన్ చేతికిచ్చి వారాల తరబడి ఒక్క షడ్జమమే వాయించమన్నారు. కమాను ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్లాలి, నాదం మధ్యలో ఎక్కడా వణక్కూడదు. ఇది ద్వారం వారి బాణీ అని మాత్రం చెప్పేవారు. 1919లో విజయరామ గజపతి మహారాజు మా ఊళ్లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్ అయ్యారు. 26 ఏళ్ల ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడిగా చేరారు. గాత్రానికి పక్కవాద్యమే అనుకునే వయొలిన్‌ను ఆయన ముందు వరసలో కూర్చోబెట్టారు. పరాయి వాద్యం మన పాట పాడాలంటే ఏం చెయ్యాలన్న ప్రశ్నకు మా ఊరు అప్పుడే ఒక జవాబు చెప్పింది. ఆ ప్రశ్నే మాండలిన్ రూపంలో పాలకొల్లులో మళ్లీ పుట్టింది.

మాండలిన్ కష్టం వయొలిన్‌కు లేదు. వయొలిన్‌కు మెట్లుండవు, వేలు ఎటైనా జారుతుంది. కమాను ఆడినంతసేపూ నాదం నిలుస్తుంది. మాండలిన్‌కు మెట్లున్నాయి. తీగలు జంటలు జంటలుగా ఎనిమిది. మీటిన నాదం మీటిన చోటే ఆరిపోతుంది. తీగను పక్కకు లాగి గమకం పలికిద్దామంటే జంటలో రెండూ ఒకేలా సాగవు, శ్రుతి చెదురుతుంది. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు కట్టారు. మంద్రస్థాయి కోసం అయిదో తీగ చేర్చారు. నాదం ఆరిపోకుండా కరెంటు తగిలించారు. ఆ పైన పనంతా ఎడమచేతి వేళ్లది. మెట్టు నుంచి మెట్టుకు జారడం, స్వరం మీద వాలీ వాలనట్టు ఊగడం ఆ వేళ్లే చూసుకున్నాయి. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు.

గమకం అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను శాస్త్రం ఎత్తను, జముకు చూపిస్తాను. మా జిల్లాల్లో జముకుల కథ చెప్పేవాళ్ల చేతిలో ఉంటుంది. కుంచంలాంటి డొల్ల, ఒక మూతికి తోలు, తోలు నడుమ నుంచి బయటికొచ్చే నరంలాంటి తీగ, దాని కొసన పట్టుకోవడానికి చిన్న కర్రముక్క. డొల్లను చంకలో ఇరికించి, ఎడమచేత్తో తీగను లాగి పట్టి, కుడిచేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. రెండింటి మధ్య ఎన్ని స్వరాలున్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు. కథకుడు ఒక మాట అంటే వంతలు అందుకుంటారు, జముకు కూడా మాట్లాడుతున్నట్టే ఉంటుంది. శ్రీనివాస్ మాండలిన్ మీద చేసిన పనికి వేరు ఇక్కడే ఉందని అనను. చెవికి మాత్రం రెండూ చుట్టాలే.

మెక్‌లాఫ్లిన్ ఇదే దారిలో అవతలి వైపు నుంచి వచ్చాడు. అమెరికాలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకుని, తొలినాటి శక్తి కోసం ప్రత్యేకంగా గిటారు చేయించుకున్నాడు. మెట్ల నడుమ చెక్కను గుంటలుగా తొలిచారు. వేలు నొక్కితే తీగ లోపలికి దిగుతుంది, వీణ మీద లాగినట్టే లాగొచ్చు. అడుగున అనునాదానికి మరో ఏడు తీగలు. కాబట్టి రిమెంబర్ శక్తిలో గిటారు, మాండలిన్ ఎదురెదురుగా కూర్చున్నాయంటే, మన గమకం దారి పట్టిన రెండు పరాయి వాద్యాలు మాట్లాడుకుంటున్నాయన్నమాట.

లయ సంగతికొస్తే, ప్రోగ్రెసివ్ రాక్ వాళ్లు ఏడూ తొమ్మిదీ దెబ్బల తాళాలకు గొప్పగా పొంగిపోతారు. మిశ్రచాపులో మూడూ నాలుగూ కలిపి ఏడు వేసే మనకు అది వింత కాదు. శక్తి అసలు పట్టు ముక్తాయింపులో ఉంది. ఒక అల్లికను మూడుసార్లు చెప్పి, మూడోసారి చివరి దెబ్బ సరిగ్గా అనుకున్న చోట వాలేలా చూడటం. తబలా ఒక లెక్క వేస్తే వినాయకరామ్ కొడుకు సెల్వగణేశ్ కంజీర దాన్నే చీల్చి తిప్పి ఇస్తుంది. పదిమంది వింటున్న గదిలో ఆ వాలే చోటికి ముందే అందరి తలలూ ఊగుతాయి.

కొత్త ఆల్బమ్‌లో ‘గిరిరాజ్ సుధ’ అని ఒకటుంది. త్యాగరాజస్వామి బంగాళ రాగ కృతి అది. అసలు మాట సుత. గిరిరాజు కూతురు పార్వతి, ఆమె కొడుకు వినాయకుడు. పేరులో సుత కాస్తా సుధ అయింది. ఇదే కృతి 2001లో వచ్చిన ‘శాటర్‌డే నైట్ ఇన్ బాంబే’లోనూ ఉంది. అప్పుడు శంకర్ మహదేవన్ గొంతు పక్కన శ్రీనివాస్ మాండలిన్ ఉంది. ఇప్పుడు గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది. వయొలిన్ నిండుగా పాడుతుంది, లోటు పెట్టదు. కానీ మాండలిన్ మీటులో ఉండే ఆ చిన్న అంచు, అక్షరం మొదట్లో హల్లులా తగిలేది, అది లేదు. ఆ ఖాళీని నేను ప్రతిసారీ వింటాను.

కరోనా కాలంలో ఎవరి ఊళ్లో వాళ్లుండి చాలావరకు వాయించి పంపుకున్న ఆల్బమ్ ఇది. నా చెవికి ఆ నునుపు కొంచెం ఎక్కువే. ఎదురుగా కూర్చున్నవాడి కళ్లలోకి చూసి తీసుకునే తెగింపు పాత కచేరీ రికార్డుల్లోనే ఉంది. అయినా ‘మోహనం’ వినండి. అయిదే స్వరాల రాగం, ఎంత దూరం వెళ్లినా గుమ్మం కనబడుతూనే ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో ఈ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 15న జాకీర్ హుస్సేన్ పోయారు.

మొన్న మా ఊరి పైడితల్లమ్మ పండక్కి వచ్చిన మా అన్నయ్య కొడుక్కి రెండు ‘గిరిరాజ’లూ వరసగా వినిపించాను. ముందు 2001, తర్వాత 2023. వాడికి పన్నెండేళ్లు, వయొలిన్‌లో ఇంకా గీతాల్లో ఉన్నాడు. రెండోది సగంలో ఉండగానే తలెత్తాడు.

“బాబాయ్, ఆ టింగుమనేది ఏటైపోనాది?”

చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, మొదటిది మళ్లీ పెట్టమన్నాడు.