నోటిఫికేషన్ లేని పరుగు

కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డిలో పొద్దు పొడవకముందే సడక్ మీద ఎవరైనా ఉరుకుతూ కనిపిస్తే, పాల క్యాన్లతో ఎదురొచ్చే పెద్దమనుషులు అడిగే మాట ఒకటే. "ఏం బిడ్డా, పోలీస్ నౌకరికా, మిలట్రీకా?" రెండింటికీ కాదంటే ఒక్క క్షణం ఆగి చూస్తారు. షుగరేమైనా వచ్చిందా అని మెల్లగా వాకబు చేస్తారు. అది మంచి మనసుతో అడిగే మాటే. మా దిక్కు పరుగంటే ఇప్పటిదాకా ఉద్యోగం కోసమో, రోగం కోసమో.

కామారెడ్డి స్టేడియంలో గానీ ఎల్లారెడ్డి కాలేజీ గ్రౌండ్‌లో గానీ కొన్ని నెలలు తెల్లవారుజామున అడుగు పెట్టే సందుండదు. కొన్ని నెలలు గ్రౌండ్ బోసిపోయి ఉంటుంది. తేడా అంతా కానిస్టేబుల్ నోటిఫికేషన్‌దే. 2018లో ఒకటి వచ్చింది. తర్వాతిది 2022 ఏప్రిల్‌లో. ఆ విడత మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలన్నారు. 1600 మీటర్ల లెక్క విప్పితే కిలోమీటరుకు నాలుగున్నర నిమిషాలు. రోజంతా కూలికి పోయి, సాయంత్రం కోచింగ్‌లో కూర్చుని, తెల్లారి ఆ వేగం అందుకున్న పిల్లలను కళ్లారా చూశాను. వాళ్ల దమ్ముకు ఏం తక్కువ లేదు. కానీ రెండు నోటిఫికేషన్ల నడుమ నాలుగేళ్ల ఎడం ఉంది. పంతొమ్మిదేళ్ల పిల్లగాడు ఇరవై మూడుకు వస్తాడు. ఆ నాలుగేళ్లూ ఆపకుండా ఉరికినవాళ్లు నేను చూసినంతలో చాలా తక్కువ. నెలల తరబడి సాధించిన గుండె బలం, ఊపిరి బలం పరుగు ఆపిన కొన్ని వారాల్లోనే సన్నగిల్లడం మొదలవుతుంది. మళ్లీ ప్రకటన రాగానే మళ్లీ మొదటినుంచి, ఆదరాబాదరాగా, పిక్కలు పట్టేసేలా. నాకు బాధ కలిగించేది ఈ దుబారాయే.

ఎరువుల దుకాణంలో పనిచేసే ఒక తమ్ముడు ఈ మధ్య సూటిగానే అడిగాడు. "అన్నా, నాకు ఏజ్ అయిపోయింది. ఇగ నోటిఫికేషన్ వచ్చినా నాకు పనికిరాదు. ఇంకెందుకు ఉరకాలె?" పరుగు ఆరోగ్యానికి మంచిదని చెబితే తల ఊపి, మరునాడు పడుకుంటాడు. అందుకని "జనవరిలో ముంబై పోదాం, నలభై రెండు కిలోమీటర్లు" అన్నాను. మరునాడు వచ్చాడు.

పరుగు మానకుండా ఉండటానికి మనిషికి హుషారు కంటే ముందు ఒక తారీఖు కావాలి. ఆ తారీఖును పోలీసు నియామక బోర్డు వేయకూడదు, మనమే వేసుకోవాలి. ఏడాదికి ఒక్క పెద్ద పందెం చాలు. మిగిలినవన్నీ దాని కోసమే. కొందరు ఆగస్టులో హైదరాబాద్ ఫుల్ మారథాన్, డిసెంబరులో విశాఖ నేవీ మారథాన్, జనవరిలో ముంబై, అన్నీ పూర్తి దూరాలే అని పేర్లిచ్చేస్తారు. ఫేస్‌బుక్‌లో పతకాలు బాగుంటాయి గానీ మోకాళ్లు ఒప్పుకోవు. పైగా ఏ పందెం కోసం సాధన చేస్తున్నామో మనసుకే తెలియకుండా పోతుంది.

మా ప్రాంతానికి జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై మారథాన్ బాగా కుదురుతుందని నా అభిప్రాయం. అక్కడినుంచి వెనక్కి ఇరవై వారాలు లెక్కపెడితే ఆగస్టు ఆఖరికి వస్తాం. అప్పటికి వానాకాలం నాట్లు అయిపోయి పొలం పని కొంత తెరిపిస్తుంది. సరిగ్గా అప్పుడే హైదరాబాద్ మారథాన్ వస్తుంది. అందులో హాఫ్ మారథాన్ మాత్రమే ఉరకాలి. ఆ దారిలోని ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు మన బలమెంతో, లోటెక్కడో చూపించి పంపిస్తాయి. సెప్టెంబరు నుంచి వారం వారం ఆదివారం దూరం పెంచుతూ డిసెంబరు చివరికి ముప్పై, ముప్పై రెండు కిలోమీటర్లకు చేరాలి. నాలుగో వారం వచ్చినప్పుడల్లా దూరం తగ్గించి ఒంటిని తేరుకోనివ్వాలి. ఆఖరి మూడు వారాలు క్రమంగా తగ్గించడమే సాధన. ఆ మూడు వారాలు మాత్రం నాతో ఉరికే మా పిల్లలను పట్టుకోవడం కష్టం. తక్కువ ఉరికితే బలం పోతుందని వాళ్ల భయం. అప్పటిదాకా పడ్డ కష్టం ఒంట్లో బలంగా మారేది ఆ విశ్రాంతిలోనే.

ఇక వేగం సంగతి. ఏడుంబావు నిమిషాల అలవాటున్న పిల్లలు ఆదివారం కూడా అదే ఊపులో బయలుదేరి, పన్నెండో కిలోమీటరు దగ్గర నడుము పట్టుకుని నిలబడతారు. పక్కవాడితో మాట తెగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఉరకమంటే వాళ్లకు నామోషీ. అలాంటప్పుడు నేను ఆర్థర్ లిడియార్డ్ కథ చెబుతాను. న్యూజిలాండ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి, ఇళ్లకు పాలు వేసి బతికిన మనిషి. తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, ఏ దూరం పందెగాడైనా ముందు నెలల తరబడి దూరాలు ఉరికి పునాది వేసుకోవాలని తేల్చాడు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ పందెం 800 మీటర్లే. కానీ ఆదివారాలు కొండదారిలో 35 కిలోమీటర్లు ఉరికేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో సెప్టెంబరు 2న స్నెల్ 800 మీటర్లలో, ఇంకో శిష్యుడు మర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో స్వర్ణాలు గెలిచారు. అదీ గంట తేడాలో. కాబట్టి పోలీసు కలను వదులుకోమని ఎవరికీ చెప్పను. దూరం ఉరికే అలవాటున్న పిల్లగాడికి 1600 మీటర్లు ఏ నెలలో పెట్టినా భయముండదు.

ఎండాకాలాన్ని చాలామంది సెలవుగా లెక్కేస్తారు. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, నిజమే. అయితే వేడిలో నెమ్మదిగా, కొద్దికొద్దిగా ఉరికితే పది పద్నాలుగు రోజుల్లో ఒళ్లు దారికొస్తుంది. చెమట త్వరగా పడుతుంది, రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, గుండె మీద బరువు తగ్గుతుంది. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఆరున్నరకు ఇంటికి చేరాలి. అప్పుడు వేగం చూడకూడదు, గడియారం ఇంట్లో పెట్టి రావాలి.

వేసుకున్న పట్టిక తప్పే రోజులు కూడా వస్తాయి. 2025 ఆగస్టు 24న హైదరాబాద్ మారథాన్ జరిగింది. మూడు రోజులకు, 27న కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా పడింది. రోడ్లు తెగాయి, రైలు కట్ట కోతపడింది, వందేళ్ల నాటి పోచారం ప్రాజెక్టు అలుగు మీదుగా వరద పోటెత్తింది. అప్పుడు సాధన గురించి ఆలోచించడమే తప్పు. చేతనైనవాళ్లు బియ్యం మూటలు మోశారు. తిరిగి మొదలుపెట్టాక, పోయిన కిలోమీటర్లను ఒక్కవారంలో రాబట్టాలని చూసినవాళ్లకే గాయాలవుతాయి. పోయిన వారాన్ని పోయినట్టే వదిలేసి, వచ్చే వారం పని మాత్రం చేయాలి.

ఓపిక ఎంత కావాలో చెప్పడానికి నాకు దగ్గరి పేరు మలావత్ పూర్ణ. పాకాల తండా నుంచి వచ్చి తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. భువనగిరి రాతిగుట్ట మీద శిక్షణ మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్‌ల మీదుగా 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం చేరింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. మా జిల్లాలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఆ తర్వాతి కథే తక్కువమందికి తెలుసు. 2016లో కిలిమంజారో, 2017లో ఎల్‌బ్రస్, 2019లో అకాంకాగువా, కార్స్‌టెన్జ్, ఏడాది చివర విన్సన్. నడుమ కరోనా రెండేళ్లు మింగింది. 2022 జూన్ 5న డెనాలీతో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తయ్యాయి. ఎవరెస్ట్‌తో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనేవారు కారు. ఆమె మాత్రం ఎనిమిదేళ్లపాటు ఒక కొండ దిగగానే ఇంకో కొండకు సిద్ధమైంది. మా ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే దారిలోనే ఉంది ఆమె చదివిన ఊరు. తాడ్వాయి మీదుగా ఉరికేటప్పుడు కొత్త పిల్లలకు ఆ మాట చెప్పకుండా ఉండలేను.

మా ఆదివారం పరుగు సాధారణంగా లింగంపేట దిక్కు సాగుతుంది. అక్కడ నాగన్న బావి ఉంది. కొన్నేళ్ల కిందట పూడిక తీసి బాగుచేసిన పెద్ద మెట్లబావి. అక్కడికి చేరాక సంచులు విప్పుతాం. కామారెడ్డి మార్కెట్ బెల్లం నిమ్మకాయంత ముక్కలు, ఉప్పు కలిపిన మజ్జిగ. గంటన్నర దాటే పరుగులో కండరాల్లో దాచుకున్న పిండిశక్తి కరుగుతూ వస్తుంది కాబట్టి ఖరీదైన జెల్ చేసే పని బెల్లం కూడా చేస్తుంది. కాకపోతే ఏ కిలోమీటరుకు ఎంత తింటే కడుపు ఊరుకుంటుందో ఇక్కడే తేల్చుకోవాలి, ముంబైలో కాదు. ఎవరైనా రాకపోతే ఫోన్ మోగుతుంది. నిద్ర మత్తులో "వస్తున్నా అన్నా" అనే ఆ గొంతు విన్నప్పుడల్లా, ఒంటరిగా ఉరకమని ఎవరికీ సలహా ఇవ్వకూడదనిపిస్తుంది.

కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఊళ్లో ఇంకో రెండు మలుపులు కలుపుకుంటే సరిగ్గా మారథాన్ దూరం. ఆ దారిన ఏడాదికి ఒక్కరోజు పందెం పెట్టాలన్నది చాలాకాలంగా నా కోరిక. అక్టోబరు, నవంబరుల్లో కుదరదు, సగం సడక్ మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. జనవరి అయితే యాసంగి నాట్ల హడావుడి. డిసెంబరు రెండో ఆదివారం అయితే వడ్లు ఎత్తేసి ఉంటారు, పొద్దున చల్లగా ఉంటుంది. ముంబైకి పోయేవాళ్లు ముప్పై కిలోమీటర్ల దగ్గర ఆగిపోవచ్చు, మిగతావాళ్లు ఎల్లారెడ్డి దాకా రావచ్చు. ఊరికో నీళ్ల డ్రమ్ము, ఒక అంబులెన్సు, ఏడు గంటల గడువు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న పిల్లలు, వయసు దాటిన పిల్లలు, షుగరున్న పెద్దలు, గురుకులాల అమ్మాయిలు ఒకే గీత దగ్గర నిలబడాలి. పంచాయతీలు, యువజన సంఘాలు సరేనంటే బయలుదేరే సమయం తెల్లవారుజామున ఐదు గంటలు.