ఉయ్యాల కొండీ అరిగితే?

పిల్లలకు ఆటస్థలం కట్టడానికి ఉగాండా వెళ్తున్నానంటే మా అమ్మ అడిగిన మొదటి మాట: "అక్కడ మేస్త్రీలు లేరా ఏంటే?" ఉన్నారు. నాకంటే వందరెట్లు పని తెలిసినవాళ్లు ఉన్నారు. ఇంగ్లండ్‌లో చదువుకునే రోజుల్లో విద్యార్థి బృందంతో కలిసి జింజా దగ్గర ఒక ఊరి బడికి వెళ్లాను. అక్కడ నేను చేసిందల్లా గుంటలు తవ్వడం, తట్టలు మోయడం, టైర్లకు రంగులు వెయ్యడం. గొట్టాలు అతికిందీ, ఉయ్యాల ఎత్తు చూసిందీ, కాంక్రీటు పాళ్లు చెప్పిందీ అక్కడి పనివాళ్లే. వాళ్లను ఫుండీలంటారు. విదేశాలకు మనుషుల్ని పంపి ఆటస్థలాలు కట్టించే ప్రతి సంస్థా అమ్మ అడిగినదానికి జవాబు చెప్పి తీరాలని ఇప్పటికీ నా అభిప్రాయం.

విక్టోరియా సరస్సులోంచి నైలు నది బయల్దేరే చోటు జింజా. 1997లో ఉగాండా ప్రాథమిక చదువును ఉచితం చేయగానే లక్షలాది పిల్లలు కొత్తగా బళ్లలో చేరారు. గదులు చాలలేదు, టీచర్లు చాలలేదు. ఇక ఉయ్యాల గురించి తలచుకునే తీరిక ఎవరికి? ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటను హక్కుగా గుర్తించింది. ఉగాండా 1990లోనే దానికి ఒప్పుకుంది, మనకంటే రెండేళ్లు ముందు. పిల్లలు మాత్రం ఏ ఒడంబడిక కోసమూ ఆగలేదు. ఎండిన అరటి నార చుట్టి బంతి చేసుకుంటారు. ఇద్దరు అటూ ఇటూ నిలబడి బంతి విసురుతుంటే మధ్యలో ఉన్నవాళ్లు దెబ్బ తగలకుండా తప్పించుకునే క్వెపెనా ఆడుతుంటే చూడాలి, ఆ ఒడుపు! ఆట వాళ్ల దగ్గర పుష్కలంగా ఉంది. ఎక్కడానికి, ఊగడానికి, జారడానికి ఓ చోటే లేదు.

పాత లారీ టైరును సగం దాకా నేలలో పాతితే పసివాళ్లు ఎక్కి దూకుతారు. కానీ పాతే ముందు అడుగున రంధ్రాలు వెయ్యాలి. లేదంటే వాన నీళ్లు నిలిచి దోమలు పుడతాయి. అది మలేరియా ఉన్న నేల. లోపలి తీగ బయటికి పొడుచుకొచ్చిన టైరైతే ఎంత బాగున్నా పక్కన పెట్టెయ్యాల్సిందే. నిచ్చెన మెట్ల సంగతి మరీ సున్నితం. రెండు కడ్డీల మధ్య సందు 9 సెంటీమీటర్ల లోపైనా ఉండాలి, 23 సెంటీమీటర్లు దాటైనా ఉండాలి. ఆ రెంటికీ మధ్యలో ఉందంటే పిల్ల ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. మా పెద్ద ఫుండీ సంచిలో ఎప్పుడూ రెండు చెక్కముక్కలు ఉండేవి. చిన్నది సందులో దూరకూడదు. దూరిందా, పెద్దది కూడా దూరాలి. దూరకపోతే కడ్డీ కోసి మళ్లీ అతకాల్సిందే, సాయంత్రమైనా సరే. గొట్టం నేలలోకి దిగే చోట కాంక్రీటును చుట్టూ వాలుగా పైకి తీసేవాడు. నీళ్లు నిలిస్తే తుప్పు మొదలయ్యేది అక్కడే.

కాంక్రీటు వేశాక వారం పాటు నీళ్లు పట్టాలి, ఎవరినీ ఎక్కనివ్వకూడదు. చుట్టూ ముళ్లకంప వేశాం. అయినా పిల్లలు ఆగుతారా? చివరికి హెడ్మాస్టరుగారే కుర్చీ తెప్పించుకుని చెట్టుకింద కాపలా కూర్చున్నారు.

మంచి మనసుతో మొదలుపెట్టినవి కూడా ఎలా మూలపడతాయో ఆఫ్రికా చాలాసార్లు చూసింది. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే బోరు నీళ్లు పైకొచ్చే ప్లేపంప్ దక్షిణాఫ్రికాలో పుట్టింది. దాన్ని మరిన్ని దేశాలకు తీసుకెళ్లడానికి 2006లో అమెరికా ప్రభుత్వం, అక్కడి దాతలు కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు. పిల్లలు ఎంతసేపని తిప్పుతారు? మొజాంబిక్‌లాంటి చోట్ల ఆడవాళ్లే నడుం వంచి తిప్పుకోవాల్సి వచ్చింది. చెడిపోతే ఊళ్లో బాగుచేసే నాథుడు లేడు. మామూలు చేతిపంపే నయమనిపించింది జనానికి.

అందుకే కొండీ గురించి ఇంత పట్టుదల నాకు. ఉయ్యాల గొలుసును పైన పట్టి ఉంచే కొండీ ఇనుముతో ఇనుము రాసుకుని తప్పకుండా అరుగుతుంది. మా బృందం ఇంగ్లండ్ నుంచి నాణ్యమైన కొండీలు మోసుకెళ్లింది. పెద్ద ఫుండీ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి మర్యాదగా వెనక్కి ఇచ్చేశాడు. జింజా బజారులో దొరకని బోల్టు ఒక్కటి కూడా వాడనివ్వలేదు. ఆ రోజు అతని మీద కలిగిన గౌరవం ఇంకా అలాగే ఉంది.

మరి నాలాంటివాళ్లు ఎందుకు వెళ్లడం? ఒక్కరి విమాన టికెట్ ఖర్చు అక్కడి పనివాడికి నెలల కూలి. ఈ లెక్క కాదనలేం. బ్రిటన్ విద్యార్థులు ముందు విరాళాలు పోగుచేసి, తర్వాత వెళ్లి ఉగాండా పనివాళ్లతో కలిసి కట్టే పద్ధతిని ఈస్ట్ ఆఫ్రికన్ ప్లేగ్రౌండ్స్ సంస్థ నడిపింది. కుర్రవాళ్లు రాకపోతే ఆ విరాళమూ రాదు, అదీ నిజమే. నాకు ఇంకా నచ్చేది ప్లేగ్రౌండ్ ఐడియాస్ దారి. థాయ్‌లాండ్, బర్మా సరిహద్దు బళ్లలో ఆటస్థలాలు కట్టడంతో మొదలై, ఎవరి ఊళ్లో వాళ్లే కట్టుకునేలా నమూనాలను ఉచితంగా ఇచ్చే పనిలోకి వచ్చిన ఆస్ట్రేలియా సంస్థ అది.

అమెరికాలో చదువుతున్న మా అక్క కూతురు వచ్చే వేసవిలో ఇలాంటి పనికే వెళ్తానంటోంది. వెళ్లమన్నాను. డబ్బు కట్టే ముందు మాత్రం ఆ సంస్థను రెండు సంగతులు అడగమన్నాను: మీరు వెళ్లిపోయాక కూడా అక్కడి ఫుండీలకు ఏడాది పొడవునా పని ఉంటుందా? బడిలో ఒక స్పానరు, ఒక గ్రీజు డబ్బా, వాటిని వాడటం నేర్చిన ఒక టీచరు ఉంటారా? ఉత్తరం రాసింది. జవాబు రాగానే ఫోన్ చేస్తానంది.