పెన్ డ్రైవ్ మీద నడిచే పాత కంప్యూటర్

హార్డ్ డిస్క్ చెడిపోతే కంప్యూటరే పోయిందనుకుని మూలన పడేస్తాం. మదర్‌బోర్డూ ర్యామూ బాగుంటే దానికి కావలసింది ఆపరేటింగ్ సిస్టమ్ ఉండటానికి ఒక చోటు, అంతే. కొన్ని వందల రూపాయల పెన్ డ్రైవ్ అందుకు చాలు.

ఇది కొత్త విద్యేమీ కాదు. జర్మనీలో క్లౌస్ క్నాపర్ 2000లో క్నాపిక్స్ తెచ్చాడు. సీడీ పెడితే చాలు, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నడిచేది. 2003లో ఆస్ట్రేలియా నుంచి పప్పీ లైనక్స్ వచ్చింది. సీడీల కాలం పోయి పెన్ డ్రైవులు వచ్చినా పద్ధతి అదే. మైక్రోసాఫ్ట్ కూడా 2012లో విండోస్ టు గో పేరుతో ఇదే పద్ధతి మొదలుపెట్టి, 2020లో వదిలేసింది. లైనక్స్ వాళ్లు మాత్రం వదల్లేదు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ పుణ్యమా అని తెలుగులో కనిపించే లైనక్స్ కూడా మనకు దక్కింది.

చేయడం తేలిక. లైనక్స్ సీడీకి నకలైన ఐఎస్ఓ ఫైలును పెన్ డ్రైవులోకి మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు. రూఫస్, బలేనా ఎచర్ లాంటి ప్రోగ్రాములతో రాయాలి. రాస్తే అందులో పాతవన్నీ పోతాయి, జాగ్రత్త. తర్వాత కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో ఆ కంపెనీ పెట్టిన మీట నొక్కి యూఎస్‌బీ ఎంచుకోవాలి.

అసలు నేర్పు దాన్ని ఎక్కువ కాలం నిలుపుకోవడంలో ఉంది. మార్కాపురం పలక మీద ఒక్క అక్షరం తప్పితే ఆ ఒక్కటే వేలితో తుడిచి దిద్దుకోవచ్చు. పెన్ డ్రైవులో ఉండే ఫ్లాష్ చిప్పులో ఆ వీలు లేదు. ఒక్క అక్షరం మార్చాలన్నా, ఉన్నదంతా ఇంకో పలక మీదికి ఎత్తిరాసి, పాత పలక మొత్తం చెరపాలి. పైగా రాతిపలక ఎన్నిసార్లు తుడిచినా అరగదు. చవక చిప్పు కొన్ని వందల నుంచి కొన్ని వేల చెరుపులకే అలిసిపోతుంది. చదవడం వల్ల దానికి పెద్దగా నష్టం లేదు. కాబట్టి సూత్రం ఒకటే: చదవనివ్వు, రాయనివ్వకు. ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద రాసే స్వాప్ ఆపేయాలి. ఫైలు తెరిచిన ప్రతిసారీ వేళ నమోదు చేయకుండా నోఎటైమ్ పెట్టాలి. బ్రౌజర్ దాచుకునే చెత్తను ర్యామ్‌లోకి మళ్లించాలి. పప్పీ అయితే మొత్తం ర్యామ్‌లోకే ఎక్కి కూర్చుంటుంది. ముసలి కంప్యూటర్లకు నా ఓటు దానికే.

కొనేటప్పుడు పెట్టె మీది వేగం అంకెలకు మురిసిపోవద్దు. ఆపరేటింగ్ సిస్టమ్ చేసేవన్నీ చిన్నచిన్న రాతలు. పెన్ డ్రైవుకు బదులు మెమరీ కార్డు వాడితే, దాని మీద ఏ1 గుర్తు ఉంటే సెకనుకు కనీసం 500 అలాంటి రాతలు, ఏ2 ఉంటే 2000. నమ్మలేనంత చవగ్గా వచ్చే ఒక టీబీ కార్డులు చాలావరకు దొంగ సరుకే. ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం వాటి అసలు కొలత బయటపెడుతుంది.

పాఠశాల ల్యాబుకూ, టైపింగుకూ, చెడిన విండోస్‌లోంచి ఫైళ్లు బయటికి తీయడానికీ ఇది భేషైన పద్ధతి. అంగడి లెక్కలకు మాత్రం వద్దు. రాస్తుండగా కరెంటు పోతే చవక పెన్ డ్రైవు ఫైళ్లను పాడుచేయగలదు. రోజువారీ పనికి చిన్న సాటా ఎస్ఎస్‌డీ కొనడమే తెలివి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఒప్పుకోని పాత కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే, తూకానికి వేసే ముందు ఒక పెన్ డ్రైవ్ పెట్టి చూడండి.