బొమ్మ చూడబ్బా ముందు

ఆదివారం పేపరు వస్తే మా పెండ్లిమర్రి టీ అంగడి దగ్గర రాజకీయాల పేజీ ఒకరి చేతికి, సినిమా పేజీ ఇంకొకరి చేతికి పోతుంది. పజిళ్ల పేజీకి పోటీ ఉండదు కాబట్టి అది నాకే మిగులుతుంది. అందులో నాకు బాగా నచ్చేది అక్షరాల తారుమారు, అదీ చివర్లో శ్లేష ఉంటేనే.

శ్లేషతో ముడిపెట్టిన ఈ ఆటను 1954లో అమెరికాలో మార్టిన్ నేడెల్ మొదలుపెట్టాడు. ఇప్పుడు దాని పేరు జంబుల్. నాలుగు మాటల అక్షరాలు చిందరవందర చేసి ఇస్తారు. వాటిని సరిచేశాక, గుండ్రాల్లో పడిన అక్షరాలను పోగేసి మళ్లీ పేర్చాలి. అప్పుడు పక్కనున్న కార్టూన్ కింది ఖాళీ నిండుతుంది. ఆ జవాబు రెండర్థాల మాటై ఉంటుంది. మన పిల్లల పేజీల్లో మాటలు కలగాపులగం చేసి ఇస్తారు గానీ ఈ కొసమెరుపు అరుదు.

మా జిల్లాలోనే ఉన్న ప్రొద్దుటూరు వాళ్లకు చెల్లాచెదురు అక్షరాలు కొత్తేమీ కాదు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేసిన ఊరు వాళ్లది. అవధానంలో వ్యస్తాక్షరి అని ఒక అంశముంది. పృచ్ఛకుడు ఒక వాక్యాన్ని అక్షరాలుగా విడగొట్టి, 'పదకొండో అక్షరం ను' అని ఒకసారి, ఎంతో సేపటికి 'మూడోది ట్టి' అని ఇంకోసారి అందిస్తాడు. ఈలోపు సమస్యలు, దత్తపదులు, అప్రస్తుత ప్రసంగాలు అవధానిని కుదురుగా ఉండనివ్వవు. అయినా చివర్లో ఆయన వాక్యం మొత్తం వరుసగా అప్పజెప్పాలి. అక్కడ అంకె ఇస్తారు, పరీక్షంతా ధారణకే. పేపర్లో అంకె ఉండదు, మతిమరుపు వాళ్లూ ఆడుకోవచ్చు. నాలాంటి వాళ్లకు అదే మేలు.

తెలుగులో ఈ ఆటకు కొన్ని లోపాయికారీ ఒప్పందాలున్నాయి. 'య, వ, ఆ, కా' ఇచ్చారనుకోండి. నాలుగక్షరాలను ఇరవైనాలుగు రకాలుగా పేర్చవచ్చు. కానీ అచ్చక్షరం దాదాపు ఎప్పుడూ మాట మొదట్లోనే కూర్చుంటుంది. ఆ ముందుకొస్తే మిగిలేవి ఆరే, ఆవకాయ నోట్లో పడ్డట్టే. ణ, ళలతో తెలుగు మాట మొదలుకాదు. 'ర్రి, మ, డ్లి, పెం' ఇస్తే ర్రి, డ్లి మొదటి గడిలో నిలబడలేవు. ఇలాంటి ఒత్తక్షరాలు ముందున్న అక్షరాన్ని ఆనుకునే బతుకుతాయి. కాబట్టి మా ఊరు పెండ్లిమర్రి అని పట్టుకోవడానికి కడప దాకా పోనక్కర్లేదు. ఒత్తునూ గుణింతాన్నీ విడదీసి వేరే గడుల్లో పెట్టే వాళ్లు కొందరున్నారు. ఇంగ్లీషు గడులను చూసి చేసే పని అది, నాకు బొత్తిగా గిట్టదు.

ఇంతవరకు లెక్కే. అసలు రుచి శ్లేషలో ఉంది. అంగడి దగ్గర కూర్చునే పెద్దాయన ఒకాయన అక్షరాల జోలికే పోడు. నేను పెన్ను తీయగానే, "బొమ్మ చూడబ్బా ముందు" అంటాడు. మొదట్లో ఇది సోమరితనమనుకున్నాను గానీ ఆయన దారే దగ్గరిది. చివరి జవాబు తెలిస్తే చిక్కుపడిన మాటలు వెనక నుంచి వాటంతటవే విడిపోతాయి.

నేనే ఒకటి కట్టి ఆయనకిచ్చాను. బొమ్మలో వేరుపడిన అన్నదమ్ములిద్దరు ఒకే ఎనుము కింద చెరో చెంబు పట్టుకుని కూర్చున్నారు. కింద ఏడు గడులు. గుండ్రాల్లో తేలిన అక్షరాలు: చు, పా, న్నా, లు, రు, కు, పం.

ఆయన అక్షరాలు చూడనేలేదు. టీ ఒక గుక్క తాగి, "పాలు పంచుకున్నారు" అన్నాడు.

ఆస్తిలో పాలు, చెంబులో పాలు. శ్లేషకు ఇదీ కొలత. రెండర్థాలూ బొమ్మలో ఇమడాలి. ఒకటి ఇమిడి, రెండోది బలవంతంగా ఈడ్చుకొచ్చినట్టుంటే నవ్వు రాదు, పేపరు మడిచి పక్కన పెడతాం. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలకూ ఆరుద్ర గళ్ళ నుడికట్టుకూ ఆధారాల కోసమే పడిచచ్చినవాళ్లున్నారంటే ఈ రుచి మరిగే. గడులు నింపడం వాళ్లకొక సాకు.

పెద్దాయన మాత్రం నా పజిలుకు పూర్తి మార్కులివ్వలేదు. "ఎనుముకు గడ్డి ఎవరేస్తారో గూడా అడగాల్సింది" అన్నాడు. దానికి ఏడు గడులు చాలవు మామా అంటే వినడు.