బ్రేకు లేని బండి, ఎడమ మలుపు

బండి ఎడమకు తిరుగుతోంది. ముందు చక్రం మాత్రం కుడికి చూస్తోంది. వెనక చక్రం తన దారి తనదన్నట్టు పక్కకు జారిపోతూ మట్టిని కంచె మీదకు చిమ్ముతోంది. రైడర్ ఎడమ కాలు చాపి, ఒళ్లంతా వంచి, ఏ క్షణాన పడిపోతాడో అన్నట్టున్నాడు. పడడు. మలుపు దాటి, బండిని నిటారుగా లేపి, తిన్నటి దారిలో దూసుకుపోయి, మళ్లీ మలుపు రాగానే మళ్లీ జారతాడు. ఈ ఆటను స్పీడ్‌వే అంటారు. ఇరవై ఏళ్లుగా దీని పాత ఫిల్ములు చూస్తూనే ఉన్నాను. ఆ మలుపు దగ్గర నా ఊపిరి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది.

ఇసుక మేట వేసిన రోడ్డు మీద బండి కాస్త పక్కకు జరిగితే చాలు, మనకు గుండె జారుతుంది. చెయ్యి దానంతటదే బ్రేకు మీదకు పోతుంది. స్పీడ్‌వే బండికి బ్రేకే ఉండదు. ముందూ లేదు, వెనకా లేదు. నలుగురు రైడర్లు భుజాలు రాసుకుంటూ ఇరుకు మలుపులోకి దూకే ఆటలో ఒకడు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనకున్నవాడు వాడి మీదకే ఎక్కుతాడు. అందుకని బ్రేకులు పెట్టలేదు. 500 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజను, ఒకే గేరు, మిథనాల్ ఇంధనం. నాలుగు చుట్లు. దాదాపు ఒక నిమిషంలో రేసు అయిపోతుంది. గెలిచినవాడికి 3 పాయింట్లు, తర్వాతివాళ్లకు 2, 1. చివరివాడికి సున్నా.

బ్రేకు లేనప్పుడు వేగాన్ని అదుపు చేసేది జారడమే. మలుపు మొదట్లో ఒంటి బరువుతో వెనక చక్రాన్ని పట్టు తప్పించి, వెంటనే యాక్సిలరేటర్ తిప్పుతాడు రైడర్. చక్రం గిర్రున తిరుగుతూ పక్కకు జారుతుంది. ఆ జారుడే బండిని మలుపు తిప్పుతుంది, ఆ జారుడే వేగాన్ని తింటుంది. ఇందులో కొత్తవాళ్లకు ఎంతకీ ఒంటబట్టని సంగతి ఒకటుంది. భయమేసి యాక్సిలరేటర్ తగ్గించారా, వెనక చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరుకుతుంది, బండి నిటారుగా లేచి కంచె వైపు పరిగెడుతుంది. భయపడ్డ చోట ఇంకాస్త తిప్పాలి. మామూలు మనిషి చేతికి తెలిసినదంతా మరిచి, దానికి వ్యతిరేకంగా కొత్తగా నేర్పుకోవాలి.

ఎడమ బూటు కింద ఉక్కు రేకు కట్టుకుంటారు. చూసేవాళ్లకు ఆ కాలే బండిని మోస్తున్నట్టు ఉంటుంది. నిజానికి మంచి రైడర్ కాలు నేల మీద భారం వెయ్యదు. పాకం పట్టేవాళ్లు రెండు వేళ్ల మధ్య తీగ చూసినట్టు, ఆ ఉక్కు రేకు నేలను ముట్టుకుంటూ పోతుంది. మట్టి ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ వదులుగా ఉంది, కిందటి రేసుకీ ఈ రేసుకీ ఎంత మారింది, ఇవన్నీ ఆ పాదానికి తెలుస్తాయి. ట్రాకు రాత్రంతా మారుతూనే ఉంటుంది. చక్రాలు చిమ్మిన మట్టి అంతా బయటి అంచుకు చేరుతుంది. లోపలి దారి దగ్గరే గానీ నున్నబడి పట్టు ఇవ్వదు. బయటి దారి దూరం, కానీ ఆ వదులు మట్టిలో చక్రం దిగబడి బండిని ఒక్క ఉదుటున ముందుకు నెడుతుంది. లోపల దగ్గర, బయట పట్టు. ఈ రెండింట్లో ఏది ఎప్పుడు ఎంచుకోవాలన్నదే స్పీడ్‌వేలో సగం చదువు.

మిగతా సగం గేటు దగ్గరే ఉంది. అడ్డంగా టేపులు కట్టి ఉంటాయి. రైడర్లు తమ స్థానంలో మట్టిని బూటుతో తొక్కి, గీకి, వెనక చక్రానికి పట్టు దొరికేలా చేసుకుంటారు. ఆ తర్వాత బండి మీద బాగా ముందుకు జరిగి కూర్చుంటారు, లేకపోతే బయలుదేరగానే ముందు చక్రం ఆకాశానికి లేస్తుంది. ఇంజను అరుస్తుంటుంది, ఎడమ చేతి వేళ్ల మీద క్లచ్ వణుకుతుంటుంది. టేపు లేచాక కదిలితే ఆలస్యం. లేవకముందే కదిలి టేపును తగిలితే రేసులోంచి బయటకే. రెప్పపాటులో సగం కూడా ఉండదు ఆ వ్యవధి. మొదటి మలుపుకు ముందు చేరినవాడు మిగతా ముగ్గురి మొహాల మీదా మట్టి కొడతాడు.

ఈ విద్యలో ఐవన్ మేజర్‌ను మించినవాడు లేడని నా నమ్మకం. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ ఇంటిపేరు మాగర్‌లా కనిపిస్తుంది, పలికేది మాత్రం మేజర్ అనే. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో 1939లో పుట్టాడు. 17 ఏళ్ల వయసులో లండన్ వచ్చి వింబుల్డన్ జట్టులో చోటు కోసం ప్రయత్నించి, నిలదొక్కుకోలేక ఇంటికి తిరిగి వెళ్లిపోయాడు. 1963లో మళ్లీ వచ్చాడు, ఈసారి న్యూకాజిల్ జట్టుకు. ఆ మధ్య ఏళ్లలో నేర్చుకున్నదే అతన్ని అతన్నిగా చేసింది. 1968, 69, 70ల్లో వరసగా మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. అంతకుముందు ఎవరికీ సాధ్యం కాలేదు. మూడోది గెలిస్తే బండికి బంగారు పూత పూయిస్తామని ఇద్దరు అమెరికన్ అభిమానులు మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు కూడా. తర్వాత 1972, 1977, 1979ల్లో మరో మూడు టైటిళ్లు. చివరిది గెలిచేనాటికి నలభైకి నెల రోజుల దూరంలో ఉన్నాడు.

అప్పట్లో ప్రపంచ ఛాంపియన్ ఎవరో ఒకే రాత్రి తేలిపోయేది. 16 మంది, 20 రేసులు. ప్రతివాడూ ఐదుసార్లు బరిలోకి దిగి, మిగతా పదిహేను మందినీ ఒక్కోసారి ఎదుర్కోవాలి. ఒక గొలుసు తెగినా, ఒక ప్లగ్గు మొరాయించినా ఏడాది కష్టం గంగపాలు. 1973లో పోలండ్‌లోని ఖోజూఫ్‌లో లక్షకు పైగా జనం ముందు మేజర్‌కు అదే జరిగింది. మేజర్, పోలండ్ రైడర్ యెజీ ష్చాకియెల్ చెరి 13 పాయింట్లతో సమంగా నిలిచారు. టైటిల్ కోసం ఇద్దరికే మరో రేసు పెట్టారు. ముందున్న ష్చాకియెల్‌ను దాటబోయి మేజర్ పడిపోయాడు. పోలండ్‌కు అది మొట్టమొదటి వ్యక్తిగత ప్రపంచ టైటిల్. 1995 నుంచి ఒక్క రాత్రి ఫైనల్ పోయి, ఏడాది పొడవునా సాగే గ్రాండ్ ప్రీ వరస వచ్చింది. న్యాయంగా చూస్తే అదే సరైన పద్ధతి. నా మనసు మాత్రం ఆ ఒక్క రాత్రి దగ్గరే ఉండిపోయింది.

క్రైస్ట్‌చర్చ్ గొప్పతనం మేజర్‌తో మొదలవలేదు. అతనికి ముందే ఆ ఊరి నుంచి రోనీ మూర్, బ్యారీ బ్రిగ్స్ వచ్చారు. మూర్ 1950లో 17 ఏళ్లకే ప్రపంచ ఫైనల్‌లో ఆడాడు. 1954లో వెంబ్లీ ఫైనల్‌కు విరిగిన కాలితో వచ్చి, ఐదు రేసులూ గెలిచి, 15కి 15 పాయింట్లతో ఛాంపియన్ అయ్యాడు. 1959లో మరోసారి గెలిచాడు. అతని సవారీలో తొందర కనిపించదు, నీళ్లు పల్లానికి పోయినట్టు పోతాడు. బ్రిగ్స్‌ది పూర్తిగా వేరే బాణీ. వెడల్పాటి భుజాలు, బండిని రెండు చేతుల్తో లొంగదీసుకునే బలం. 1957, 58, 64, 66ల్లో గెలిచాడు. 1954 నుంచి 1970 దాకా 17 ఏళ్లు ఒక్క ఫైనల్ కూడా తప్పలేదు. 1966లో బీబీసీ ప్రేక్షకులు ఆ ఏటి మేటి క్రీడాకారుణ్ణి ఎన్నుకుంటే, ప్రపంచ కప్పు ఎత్తిన ఫుట్‌బాల్ కెప్టెన్ బాబీ మూర్ తర్వాతి స్థానం బ్రిగ్స్‌కే దక్కింది. 1972 ఫైనల్‌లో జరిగిన ప్రమాదంలో ఎడమ చేతి చూపుడు వేలు పోగొట్టుకున్నాడు. క్లచ్ పట్టే చెయ్యి అది. 1954 నుంచి 1979 వరకు లెక్కేస్తే 26 టైటిళ్లలో 12 ఈ ముగ్గురివే. ముగ్గురూ ఒకే ఊరివాళ్లు.

వాళ్ల బళ్ల గురించి కూడా చెప్పాలి. 1930ల నుంచి 60ల మొదటి దాకా ఈ ఆటను లండన్‌లో తయారైన జాప్ ఇంజను ఏలింది. తర్వాత చెకొస్లొవేకియాలోని దివిషోవ్ నుంచి ఈసో అనే బండి వచ్చింది. 1964లో ఆ సంస్థ జావాలో కలిసిపోయింది. మన పాత తరానికి జావా పేరు వింటేనే చెవుల్లో ఆ చప్పుడు మోగుతుంది. 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేసిన బళ్లు, తర్వాత యెజ్డీలు, తెలుగు ఊళ్లలో ఎందరికో మొదటి బళ్లు. మనవి టూ స్ట్రోక్, స్పీడ్‌వే జావా ఫోర్ స్ట్రోక్. ఇంజన్లు వేరైనా ట్యాంకు మీద రాసిన పేరు ఒకటే. ఇంకో బంధుత్వం వాసనలో ఉంది. ఈ ఇంజన్లలో ఆముదం నుంచి చేసిన నూనె పోసేవారు. ఎంత వేడికీ దాని పట్టు సడలదు. స్పీడ్‌వే పాతకాపులు ఎవరిని కదిపినా ముందు ఆ కాలిన నూనె వాసన గురించే చెబుతారు. పాలమూరు, నల్గొండ చేలల్లో ఆముదం గెలలు చూసి పెరిగినవాళ్లకి అది పరాయి వాసన కాదు.

ఆ న్యూజిలాండ్‌వాళ్లకు ఎదురు నిలిచిన ఓవ్ ఫుండిన్ స్వీడన్‌వాడు. ఎర్రటి జుట్టు, అందుకే ఎగిరే నక్క అని పిలిచేవారు. ఐదుసార్లు ఛాంపియన్: 1956, 60, 61, 63, 67. 1956 నుంచి 1965 వరకు పదేళ్లూ మొదటి ముగ్గురిలోనే ఉన్నాడు. ఓటమిని చిరునవ్వు కింద దాచడం అతనికి చేతకాదు, ఓడితే మొహంలో తెలిసిపోయేది. నాకు అందులో తప్పు కనిపించదు. మర్యాద కోసం నవ్వేవాడు 1960లో ముగ్గురు సమంగా నిలిచిన రాత్రి మూర్‌నూ ఇంగ్లండ్ రైడర్ పీటర్ క్రేవెన్‌నూ దాటి కిరీటం ఎగరేసుకుపోయేవాడు కాదేమో.

ఈ విద్య చేతి నుంచి చేతికి పాకిన తీరు నాకెంతో ఇష్టం. డెన్మార్క్ కుర్రాడు ఓలె ఓల్సెన్ మేజర్ శిక్షణలో వెలుగులోకి వచ్చి, 1967లో గురువు ఆడే న్యూకాజిల్ జట్టుకే చేరాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1971 ఫైనల్‌లో 15 పాయింట్లూ సాధించి గురువు దగ్గర కిరీటం తీసుకున్నాడు. గురువుకు రెండో స్థానం. ఓల్సెన్ మూడు టైటిళ్లు గెలిచాక అతని దేశం నుంచే ఎరిక్ గుండర్‌సెన్, హన్స్ నీల్సెన్ వచ్చారు. 1984 నుంచి 1989 దాకా ఆరేళ్లు కిరీటం ఈ ఇద్దరి మధ్యే తిరిగింది, చెరి మూడుసార్లు. 1985లో ముగ్గురు సమం, మళ్లీ రేసు, గుండర్‌సెన్ గెలుపు. 1988లో ఇద్దరూ సమం, మళ్లీ రేసు, మళ్లీ గుండర్‌సెనే. నీల్సెన్‌ది లెక్క తప్పని సవారీ, గుండర్‌సెన్‌ది సందు దొరికితే దూరే సవారీ. 1989 సెప్టెంబరులో బ్రాడ్‌ఫర్డ్‌లో జట్ల ఫైనల్, మొదటి రేసు, మొదటి మలుపులో గుండర్‌సెన్ పడ్డాడు. చావు అంచు దాకా వెళ్లి వచ్చి, మళ్లీ నడక నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత రేసుబండి ఎక్కలేదు.

అమెరికన్ బ్రూస్ పెన్‌హాల్ 1981లో వెంబ్లీలో గెలిచిన రాత్రిని కూడా వదల్లేను. అక్కడ జరిగిన చివరి ప్రపంచ ఫైనల్ అది. ఓల్సెన్‌ను ఒకసారి, టామీ క్నుడ్‌సెన్‌ను మరోసారి, నాలుగో చుట్టు చివర్లో, గీత దగ్గర చక్రం ముక్క తేడాతో దాటాడు. రెండుసార్లూ జనం నిలబడే ఉన్నారు. మరుసటి ఏడాది లాస్ ఏంజెలిస్‌లో మళ్లీ గెలిచి, విజేతలు నిలబడే మెట్టు మీదే వీడ్కోలు చెప్పేశాడు.

గొప్పవాడు ఎవరంటే మేజర్ అంటాను. ఇష్టమైనవాడు ఎవరంటే పీటర్ క్రేవెన్. మాంచెస్టర్ బెల్ వ్యూ జట్టు రైడర్, ఐదడుగుల మనిషి. బ్రిగ్స్‌కున్న బలం అతనికి లేదు. బండి అతనికంటే బరువు. దాన్ని లొంగదీసుకోలేడు కనుక దానితో పాటు కదలడం నేర్చాడు. చుక్కాని పట్టినట్టు హ్యాండిల్‌ను తేలిగ్గా పట్టుకుని, ఒంటిని అటూ ఇటూ జరుపుతూ, తూకంతోనే మలుపు తిరిగేవాడు. తూకపు మాంత్రికుడని పేరు. 1955లోనూ 1962లోనూ ప్రపంచ ఛాంపియన్. ఆ రోజుల్లో ఇంగ్లండ్ లీగులో మిగతావాళ్లకు అవకాశం ఉండాలని మేటి రైడర్లు ఐదుగురిని 20 గజాలు వెనక నుంచి బయలుదేరమనేవారు. ఫుండిన్, బ్రిగ్స్, మూర్, క్నుట్సన్, క్రేవెన్. అంటే మొదటి మలుపు నుంచే ఇతరుల మట్టి తింటూ, సందు వెతుక్కుంటూ ముందుకు రావాలి. పొట్టివాడు క్రేవెన్ అలా ఒక్కొక్కరినే దాటుకుంటూ రావడం చూడటానికే జనం వచ్చేవారు.

1963 సెప్టెంబరు 20న ఎడిన్‌బరోలో క్రేవెన్ ముందున్న రైడర్ పడిపోయాడు. ఆపడానికి బ్రేకు లేదు. క్రేవెన్‌కు తెలిసినది తిప్పడం ఒక్కటే. పడినవాడి మీదకు పోకుండా బండి తిప్పాడు. కంచెకు కొట్టుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 29.

బెల్ వ్యూ జట్టు అతని పేరు మీద స్మారక రేసులు నిర్వహిస్తుంది. ఒక మార్చి సాయంత్రం వాటి కోసమే నేను మాంచెస్టర్ వెళ్లాను. చలి, సన్నటి తుంపర. మొదటి మలుపు దగ్గర కంచెను ఆనుకుని నిలబడ్డాను. టేపు లేచింది. నాలుగు బళ్లు ఒకేసారి పక్కకు వాలి నా వైపు జారుతూ వచ్చి, నా కళ్లద్దాల నిండా తడి మట్టి కొట్టి పోయాయి. తుడుచుకునేసరికి అవతలి మలుపులో ఉన్నాయి, నాలుగు ముందు చక్రాలూ కుడివైపే చూస్తూ.