యాత్రా రచనలో బస: ఒక విమర్శనాత్మక పరిశీలన

యాత్రా రచనను అంచనా వేసేటప్పుడు విమర్శకులు ప్రకృతి వర్ణనకూ, స్థల పురాణాలకూ ఇచ్చినంత చోటు బసకు ఇవ్వరు. రచయిత ఎక్కడ దిగాడు, పొయ్యి ఎలా వెలిగించుకున్నాడు అనేవి చిల్లర విషయాలుగా కనిపిస్తాయి. కానీ రచయితకూ ఊరికీ మధ్య ఏర్పడిన సంబంధం ఎంతటిదో తేలేది అక్కడే.

ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'ను చూడండి. మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి అయిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పుస్తకం 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకీ ఆయన రాసుకున్నది ఏమిటి? ఊరు ఎంతది, అంగళ్లున్నాయా, నీళ్లు ఎలాంటివి, దిగడానికి సత్రం ఉందా అన్నది. వెంట పెద్ద పరివారం ఉంది, వంట తమదే. అయినా దినుసులూ నీళ్లూ ఊరివే కాబట్టి ఊరిని అడగక తప్పలేదు. ఈనాడు ఆ పుస్తకం సామాజిక చరిత్రకు ఆధారంగా నిలవడానికి ఈ అడగడమే ముఖ్య కారణం.

ఇప్పుడు ఫ్రాన్సు దక్షిణ తీరంలోని నీస్ నగరానికి వెళ్దాం. చలికాలం గడపడానికి వచ్చిన ఆంగ్లేయుల పేరే అక్కడి సముద్రపు ఒడ్డు బాటకు నిలిచిపోయింది. 1913లో తెరిచిన నెగ్రెస్కో వంటి హోటళ్లలో అతిథికి అన్నీ ఇతరులే చేసిపెట్టేవారు. నేటి అపార్ట్‌మెంటు హోటలు పద్ధతి వేరు. గదిలోనే చిన్న వంటిల్లు, ఫ్రిజ్, గిన్నెలు ఉంటాయి. చాలాచోట్ల గది రోజూ ఊడ్వరు. పిల్లలతో, పెద్దలతో వెళ్లే శాకాహార కుటుంబాలకు ఇది గొప్ప సౌకర్యం. ఆ వసతిని తప్పుపట్టనక్కరలేదు.

చిక్కంతా రాతలోనే ఉంది. ఇలాంటి బస గురించి మనవాళ్లు రాసే అనుభవాల్లో కుక్కరు, ఆవకాయ, బాల్కనీలోంచి సముద్రం తప్పకుండా ఉంటాయి. (ఆ కుక్కరులోని బియ్యం మిర్యాలగూడ మిల్లుల్లో ఆడినవైనా కావచ్చు!) ఊరు మాత్రం ఉండదు. నీస్ పాత పేటలో 'సొక్కా' అమ్ముతారు. శనగపిండిని నీళ్లలో కలిపి, ఆలివ్ నూనె పోసి, వెడల్పాటి పెనం మీద పొయ్యిలో కాల్చిన అట్టు అది. తెలుగు నాలుకకు చుట్టరికం ఉన్న తిండి. గదిలో పప్పు వండుకున్నామన్న సంతోషంలో దాని ఊసే రాదు. వీరాస్వామయ్య కూడా తన వంటే తిన్నారు, కానీ కళ్లు గుమ్మం బయట ఉంచారు. కనుక మనం తూచవలసింది రచయిత ఏం తిన్నాడన్నది కాదు, ఎవరితో మాట్లాడాడన్నది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి చదువుతున్న మీకు ఈ లోపం అవతలి వైపు నుంచి తెలుసు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే రచయితకు సూర్యాపేట అంటే బస్సు ఆగిన చోటు, ఒక టీ. కోదాడ సరిహద్దుకు గుర్తు. 65వ జాతీయ రహదారికి పక్కగా ఉన్నందుకు మిర్యాలగూడకు ఆ మాత్రం ప్రస్తావన కూడా దక్కదు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండ మీద తవ్వకాల్లో బౌద్ధ విహారాలు బయటపడ్డాయి. వరుస గదులు, అంటే అదీ ఒక బసే. అయితే అక్కడ ఉన్నవారు భిక్షువులు. ఆ మాటలోనే ఊరిని అడగడం ఉంది.

మీరు ఇటీవల చదివిన ఒక యాత్రానుభవాన్ని తీసుకోండి. అందులో రచయిత కాక మరెవరు మాట్లాడారో, ఏ పని చేసేవారో గుర్తించి రాయండి. ఎవరూ కనబడకపోతే ఆ సంగతే రాయండి.