గాయం కోసం పెంచే చెట్టు

పోయిన ఆదివారం సత్యవేడులో మా మూడెకరాల మెరక చేనుకు పటం గీయడానికి కూర్చున్నాను. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు అగరు మొక్కలకు చుక్కలు పెడుతుంటే మా మేనమామ పెన్సిలు పట్టుకుని ఆపాడు.

"కత్తిరి ఎండలప్పుడు బోరు ఎంతసేపు పోస్తాది రా?"

"రెండు గంటలు మామా."

"అయితే ముందు ఆ రెండు గంటల నీళ్లు యాడికి పోతాయో గీయి. చెట్లు తర్వాత."

మన రాష్ట్రంలో 152 కిలోమీటర్లు సాగే కండలేరు–పూండి కాలువ మా పక్కగానే చెన్నైకి నీళ్లు మోసుకుపోతుంది. మా మెరకకు మాత్రం బోరే దిక్కు. వాన కూడా ఏడాదంతా పంచుకుని రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కుమ్మరిస్తాయి, ఆ తర్వాత మళ్లీ ఆషాఢం దాకా ఆకాశం వైపు చూడటమే. అగరు పుట్టినిల్లు అస్సాం, త్రిపుర. అక్కడ ఇళ్ల పెరళ్లలో, పోకచెట్ల మధ్య, తడిగాలిలో పెరుగుతుంది. లేతప్పుడు నీడ కావాలి. వేరు దగ్గర నీళ్లు నిలిస్తే ఓర్చుకోదు. మా చేను దిగువన వానలకు వారం రోజులు నీళ్లు నిలిచే పట్టీ ఒకటి ఉంది. అక్కడ పెట్టిన చుక్కలన్నీ ముందు చెరిపేశాను.

నన్ను ఈ చెట్టు వైపు లాగింది దాని వాసన పుట్టే తీరు. ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టును కోస్తే తెల్లటి తేలిక చెక్క, వాసనే ఉండదు. పురుగు తొలిచి లోపలికి పోవాలి, దాని వెనకే బూజు చేరాలి. అప్పుడు చెట్టు తనను కాపాడుకోవడానికి నల్లటి బంకను ఊరిస్తుంది. ఆ బంక పట్టిన చెక్కే అగరు, దాని నూనే ఊద్. అస్సాం పెరళ్లలో కాండం తొలిచే పురుగు ఆ పని తానే చేస్తుంది. అది లేని చోట చెట్టు మొద్దు దేరాక మనమే రంధ్రాలు చేసి బూజును ఎక్కించాలి. జోర్హాట్‌లోని వర్షారణ్య పరిశోధన సంస్థ ఈ విద్య మీద చాలాకాలంగా పనిచేస్తోంది. గాయం చేసిన ప్రతి చెట్టూ ఒకేలా పలకదు. ఒక చెట్టులో బంక నిండుగా పడుతుంది, పక్కదానిలో గీతలా పట్టి ఆగిపోతుంది.

అందుకే ఎకరాకు కోట్లు అనే కరపత్రాలంటే నాకు కోపం. వాటిలో లెక్క ఎప్పుడూ ఒకటే: ఇన్ని చెట్లు, ఇన్ని కిలోలు, ఇంత ధర. చచ్చిన మొక్కకు, పలకని చెట్టుకు ఆ కాగితంలో చోటుండదు. 1990లలో మా నాయన ఇలాంటి కాగితాన్నే నమ్మి ఒక టేకు కంపెనీకి డబ్బు కట్టాడు. చెట్టూ రాలేదు, డబ్బూ రాలేదు. ఆ రసీదు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. అలాంటి పథకాలకు సెబీ నిబంధనలు తెచ్చింది 1999లో. అప్పటికే మా ఇంట్లో ఆ మాట ఎత్తడం మానేశారు.

ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. పదడుగులకొకటి నాటితే 435 మొక్కలు. నేను వరసకూ వరసకూ మధ్య ఇరవై అడుగులు వదిలాను. ఎకరాకు 217 అవుతాయి, తొలి ఏడాది అందులో అరవై మాత్రమే. మధ్య ఖాళీల్లో వానలకు వేరుశనగ, అలసంద. ప్రతి మొక్కకూ పడమటి పక్క కంది, అవిశ. మధ్యాహ్నం ఎండను అవి మొయ్యాలి. అవిశ ఆకు మేకలకు కూడా పనికొస్తుంది. గాలి అడ్డుకు చేను చుట్టూ రెండు వరసల సవక. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను మా ఊళ్ల మీద చేసిన విధ్వంసం చూసినవాణ్ణి, ఆ వరసలు లేకుండా పటం గీయలేను. నాలుగైదేళ్లకు సవక కొట్టుకుని అమ్ముకోవచ్చు కూడా.

రెండో ఎకరంలో ఉన్న బెంగళూర మామిడిని తీసేయమని కొందరన్నారు. 2025 వేసవిలో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని నిర్ణయించాక కూడా కాయల ట్రాక్టర్లు రోడ్ల మీద బారులు తీరి నిలబడ్డాయి. ఆ బాధ నాకూ తెలుసు. అయినా తీయను. ఒకే పంటకు కట్టుబడి దెబ్బతిన్నవాళ్లం, దాన్ని కొట్టి ఇంకో ఒకే పంట పెడితే ఏం మారినట్టు?

మామ ఇంకో మాట అడిగాడు. "మన కొండల్లో ఎర్రచందనం ఉండంగా, యాడిదో అస్సాం చెట్టు ఎందుకురా?" న్యాయమైన ప్రశ్న. రాళ్లున్న మూలను ఎర్రచందనానికే ఇచ్చాను. అది మన నేలకూ మన ఎండకూ పుట్టిన చెట్టు. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి, కొట్టడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. అగరు కూడా 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్నదే. నర్సరీ బిల్లు మొదటి రోజు నుంచే దాచాలి, అడంగల్‌లో చెట్ల లెక్క ఎక్కించాలి. మా నాయన రసీదు పక్కనే ఈ కాగితాలకు ఒక కవరు పెట్టాను.

అగరు మీద నాకున్న ఇష్టం డబ్బుది మాత్రమే కాదు. మనకది ఎప్పుడూ ఓడ దిగి వచ్చిన సరుకు. శ్రీనాథుడి హరవిలాసాన్ని అంకితం తీసుకున్న అవచి తిప్పయ సెట్టి అలాంటి సుగంధ ద్రవ్యాల వర్తకుడే. ఇప్పుడు రోజూ వెలిగించే అగరువత్తిలో చాలావరకు ఆ పేరే మిగిలింది, చెక్క లేదు. ఒక్క చెట్టైనా మా చేలో పలికితే, ఆ ముక్కను నిప్పు మీద వేసి ఇంటిల్లిపాదికీ ఆ వాసన చూపించాలని ఉంది.

నీడ ఒక ఏడాది ముందు లేవాలి కాబట్టి ఈ ఏడు అగరు నాటడం లేదు. ఆడికృత్తికకు ముందు ఒక జల్లు పడింది. మర్నాడు పొద్దున మామ వచ్చేసరికి పడమటి గట్టు వెంబడి అవిశ గింజలు వేస్తున్నాను. ఆయన చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, రెండో వరస అందుకున్నాడు.